గునపం దిగని చోట గరిక

కళ్యాణదుర్గంలో లాన్ గురించి వ్యాసం అంటే మన హాస్టల్లో సగం మంది నవ్వుతారు. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే సీమలో గడ్డికి నీళ్లేంటి, సోకు కాకపోతే అని. ప్రశ్న న్యాయమైనదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు అక్కడి కొత్త లేఅవుట్లలో ఇళ్ల ముందు కనిపించే ఒక చిన్న వింత చూద్దాం. గేటుకీ గుమ్మానికీ మధ్య పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గడ్డి. ఇంటాయన రోజూ సాయంత్రం పైపు పట్టుకుని పావుగంట నీళ్లు కొడతాడు. అయినా గడ్డి పచ్చబడదు, పసుపు తిరుగుతుంది. మనుషులు నడిచే దారి వెంబడి అయితే బట్టతలే. పోసిన నీళ్లు కాసేపు నిలబడి, తర్వాత గేటు కింద నుంచి రోడ్డు మీదికి పోతాయి. పక్కింటివాళ్లు యూరియా వేయమంటారు. నర్సరీ అతను కొత్త గడ్డి తెచ్చి పరవమంటాడు. అక్కడ గునపం వేసి చూడండి, టంగుమని మోగుతుంది. రోగం గడ్డికి కాదు, నేలకు. అది ఊపిరాడక గిడసబారిపోయింది.

ఎందుకలా అయిందో చెప్పడం తేలిక. ప్లాటు చదును చేసేటప్పుడు గరుసు తోలి రోలర్ తిప్పారు. ఇల్లు కట్టేటప్పుడు అదే చోట ఇటుకల లారీ ఆగింది, కాంక్రీటు కలిపారు, మేస్త్రీలు ఏడాది పాటు తొక్కారు. గృహప్రవేశానికి నెల ముందు పైన నాలుగంగుళాల ఎర్రమట్టి పోసి గడ్డి పరిచారు. అంటే ఆ గడ్డి నేల మీద లేదు, పరుపు వేసిన బండ మీద ఉంది.

నేలను గట్టిచేయడం మనవాళ్లకు కొత్త విద్య కాదు. కళ్లం చేసేటప్పుడు నీళ్లు చల్లి, పశువులను తిప్పి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికి అద్దంలా చేస్తారు. గింజ మట్టిలో కలవకూడదు కదా. వాకిట్లో రోజూ కల్లాపి చల్లి ఊడ్చేదీ ఒక రకంగా అదే పని. సివిల్ వాళ్లు ల్యాబులో చేసే ప్రోక్టర్ టెస్టు దీనికి చదువుకున్న తమ్ముడు. 1933లో అమెరికాలో డ్యాముల పని చేస్తున్న ఆర్.ఆర్. ప్రోక్టర్ అనే ఇంజనీరు దాన్ని ప్రకటించాడు. మనం చేసే పద్ధతిలో 2.6 కిలోల దిమ్మిసను 310 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ మూడు పొరలకు పొరకు 25 దెబ్బలు వేస్తాం. వేర్వేరు తేమల దగ్గర సాంద్రత కొలిచి గీత గీస్తే అది కొండలా లేచి మళ్లీ దిగుతుంది. మరీ పొడి మట్టి అణగదు. మరీ తడి మట్టిలో రంధ్రాల నిండా నీళ్లే కాబట్టి అదీ అణగదు. మధ్యలో ఒక తేమ దగ్గర మాత్రం మట్టి రాయంత దగ్గరగా సర్దుకుంటుంది. వైవాలో ‘ఓఎంసీ అంటే ఏమి’ అని అడిగేది దాని గురించే.

ఆ గ్రాఫును రైతు పక్క నుంచి చూడండి. వాన పడ్డాక ఒకటి రెండు రోజులకు మట్టి చేతికి అంటకుండా, పిడికిలి పడితే ముద్దయ్యి, వదిలితే రాలిపోయే స్థితిని మనవైపు ‘పదును’ అంటారు. దుక్కికీ విత్తనానికీ అదే సమయం. చిత్రమేమంటే రైతు చెప్పే పదునూ, సివిల్ వాళ్లు చెప్పే ఓఎంసీ ఇంచుమించు ఒకే ఇరుగు పొరుగు. అదే తేమలో గొర్రు పెడితే మట్టి గుల్లగా విడిపోతుంది, బరువు పెడితే అతుక్కుపోతుంది. అంటే నేల తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ ఒకటే ముహూర్తం. వాన వెలిసిన మర్నాడు ‘ఆహా చల్లగా ఉంది’ అని పిల్లలు లాన్‌లో క్రికెట్ ఆడితే ఏమవుతుందో ఇక చెప్పనక్కర్లేదు. 60 కిలోల మనిషి నడిచేటప్పుడు ఒంటికాలి మీద ఉన్న క్షణంలో బరువంతా సుమారు 150 చదరపు సెంటీమీటర్ల మీద పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 400 గ్రాములు. చిన్నదిగా కనిపిస్తుంది గానీ రోజుకు నలభైసార్లు, ఒకే దారిలో.

(గొర్రెలది ఇంకో కథ. డ్యాములకీ రోడ్లకీ వాడే షీప్స్‌ఫుట్ రోలర్ పుట్టింది కాలిఫోర్నియాలో గొర్రెల మంద నడిచిన మట్టి గట్టిపడటం చూసి అంటారు. మన జిల్లాలో మందలు తక్కువా? పొలంలో మంద కట్టించుకుంటే ఎరువు దొరుకుతుంది, నిజమే. తడి మీద కట్టిస్తే గిట్టల దెబ్బ కూడా దొరుకుతుంది.)

గట్టిపడటం అంటే నేలలో ఏం జరుగుతుందో లెక్కతో చూస్తే బాగా అర్థమవుతుంది. మట్టి రేణువు సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 2.65 గ్రాములు. గుల్లగా ఉన్న నేలలో రంధ్రాలతో కలిపి కొలిస్తే 1.3 దగ్గర వస్తుంది. అంటే సగం మట్టి, సగం ఖాళీ. ఆ ఖాళీలోనే గాలీ నీళ్లూ వంతులవారీగా కాపురం చేస్తాయి. అదే నేలను తొక్కి 1.7కు తెస్తే ఖాళీ 36 శాతానికి పడిపోతుంది. పద్నాలుగు శాతమే కదా పోయింది అనుకోకండి. పోయినవన్నీ పెద్ద రంధ్రాలు. నీళ్లు కిందికి జారేదీ, గాలి లోపలికి వచ్చేదీ, వేరు తల దూర్చేదీ వాటిలోనే. మిగిలినవి సన్న రంధ్రాలు, అవి నీళ్లను పట్టుకుని వదలవు. నీళ్లు నిండిన రంధ్రంలో ఆక్సిజన్ ప్రయాణం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మది. కాబట్టి గట్టి నేలకు రోజూ నీళ్లు పోస్తే గడ్డి దాహంతో కాదు, ఊపిరాడక చస్తుంది. పసుపు రంగు చూసి ఇంకా నీళ్లు పెంచుతారు. మర్నాడు ఇంకా పసుపు.

అయితే ఇది అందరి నేలకూ ఉండే జబ్బే కదా, కళ్యాణదుర్గం ప్రత్యేకత ఏమి అంటారా? ఇక్కడి ఎర్రనేల స్వభావమే ప్రత్యేకత. తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడి చూసే ఉంటారు. ఎండాకాలం అది చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. అందులోని బంకమన్ను రకం అలాంటిది. అంటే నల్లరేగడి ఏటా తనంతట తానే నేలను చీల్చుకుని గాలి పోసుకుంటుంది. ఎర్రనేలలో ఎక్కువగా ఉండేది కేయోలినైట్ అనే బంకమన్ను. అది ఉబ్బదు, కుంచించుకోదు. ఒకసారి అణిగిందంటే అణిగినట్టే ఉంటుంది. పైగా అందులో సేంద్రియ పదార్థం చాలా తక్కువ. మట్టి బెడ్డలను పట్టి ఉంచే జిగురు లేదన్నమాట. మొదటి పెద్ద వాన చినుకులకే బెడ్డలు చితికి, సన్న రేణువులు పైరంధ్రాల్లో దూరి, ఎండ తగలగానే పైన ఒక పెచ్చు కడుతుంది. మందం కొన్ని మిల్లీమీటర్లే. కానీ ఆ పెచ్చే గేటు.

ఇందులో అసలు నష్టం ఎంతో చూడండి. అనంతపురం ప్రాంతానికి ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో 340 దాకా నైరుతిదే. అదీ రోజూ కాస్త కాస్త పడదు. కొన్ని రోజుల్లో, కొన్ని గంటల్లో దబదబా కురిసి పోతుంది. పది అడుగుల చదరం మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 186 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల బిందెలు తొమ్మిది. గేటు తెరిచి ఉంటే ఆ తొమ్మిది బిందెలూ నేలలోకి, మూసి ఉంటే అందులో చాలా భాగం మోరీలోకి. తర్వాత అదే మనిషి మోటార్ వేసి వందల అడుగుల లోతు నుంచి ఆ నీళ్లనే, కరెంటు ఖర్చు పెట్టి, మళ్లీ పైకి తోడుకోవాలి. వాన తక్కువ అని తిడతాం గానీ, పడిన వానను ఎంత లోపలికి రానిచ్చాం అన్న లెక్క మాత్రం ఎవరూ వేయరు.

ఈ లెక్క ఇంటి ముందు కంటే పొలంలో ఇంకా బాధగా ఉంటుంది. శెనక్కాయ చెట్టు పూలు పైన పూస్తాయి, కాయలు మాత్రం నేలలో పడతాయి. పూత తర్వాత ఊడ కిందికి దిగి మట్టిని గుచ్చుకుని లోపలికి పోవాలి. పెచ్చు కట్టిన నేలలో అది దిగలేదు, పైనే ఎండిపోతుంది. దిగి కాయ పట్టినా, పీకే సమయానికి పదును లేకపోతే చెట్టు వస్తుంది, కాయలు లోపలే తెగిపోతాయి. ఆ తర్వాత ఆడవాళ్లు కూలికి కూర్చుని ఒక్కో కాయా తవ్వి ఏరుకోవాలి. అందుకే కలుపు లేకపోయినా గుంటక తోలమనేవారు పెద్దలు. అది కలుపు కోసం కాదు, పెచ్చు పగలగొట్టడానికి. ట్రాక్టర్ వచ్చాక ఇంకో చిక్కు. ఏటా ఒకే లోతులో దున్నితే ఆ లోతు కింద, జానెడు లోపు, ఇనుము రాసుకుంటూ పోయినచోట ఒక గట్టి పొర తయారవుతుంది. పైన దుమ్ము, కింద బండ. మూడు నాలుగేళ్లకోసారి లోతు దుక్కి చేయాలనేది దాని కోసమే.

ఇంటి గడ్డి దగ్గరికి వద్దాం. ముందు రోగం ఉందో లేదో తేల్చుకోవాలి. రెండు పరీక్షలు, రెండూ చవక.

మొదటిది: 6 మిల్లీమీటర్ల గుండ్రని ఇనుపకడ్డీ తీసుకుని, నేల పదునుగా ఉన్నప్పుడు నిలువుగా గుచ్చండి. వేర్లు పెరగడం దాదాపు ఆగిపోయే నిరోధం 2 మెగాపాస్కల్స్ అని నేల శాస్త్రం చెబుతుంది. ఆ కడ్డీ మొన వైశాల్యానికి లెక్క కడితే అది సుమారు 6 కిలోల బలం. వంటింటి స్ప్రింగ్ కాటా మీద అరచేతితో 6 కిలోలు నొక్కి ఆ బరువు ఎలా ఉంటుందో చేతికి అలవాటు చేసుకోండి. కడ్డీ పక్కల రాపిడి వల్ల కొంచెం ఎక్కువే కావాల్సి వస్తుంది, అయినా అంచనాకు చాలు. అంత నొక్కినా రెండంగుళాల దగ్గరే ఆగిపోతే వేరు కూడా అక్కడే ఆగుతోందన్నమాట. ఎండిన నేలలో మాత్రం ఈ పరీక్ష చేయకండి. మే నెలలో ఎర్రనేల ఎవరినైనా ఫెయిల్ చేస్తుంది.

రెండోది: ఆరంగుళాల పీవీసీ పైపు ముక్కను రెండంగుళాలు నేలలోకి దిగ్గొట్టి, అందులో 450 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. ఒక అంగుళం ఎత్తు నిలుస్తుంది. ఇంకిపోయాక మళ్లీ అంతే పోసి ఈసారి టైము చూడండి. మొదటి విడత పొడి నేల ఆశతో తాగేస్తుంది, దాన్ని నమ్మకూడదు. రెండో విడత గంటలోపు ఇంకకపోతే గేటు మూసినట్టే. గంటకు అంగుళం మించి కురిసే వాన ఏదైనా మీ ఇంటికి అతిథిగా వచ్చి వీధిలోకి పోతుంది.

ఇప్పుడు వైద్యం. లాన్ ఉన్న చోట దున్నలేం. అందుకే రంధ్రాలు. ఇక్కడే చాలామంది మేకుల చెప్పులు వేసుకుని నడుస్తారు, లేదా కడ్డీతో పొడుస్తారు. నా ఉద్దేశంలో మన ఎర్రనేలకు అది దండగ. కడ్డీ మట్టిని బయటికి తీయదు, పక్కలకు నెడుతుంది. రంధ్రం గోడలు మునుపటి కంటే గట్టిపడతాయి. కావాల్సింది మట్టిని పెకలించి బయటికి తెచ్చే బోలు గొట్టం. విదేశాల్లో దీనికి మెషీన్లు అద్దెకిస్తారు. మనకు వెల్డింగ్ షాపు చాలు. ముప్పావంగుళం జీఐ పైపు రెండు ముక్కలు, కింది అంచు లోపలివైపు చెక్కి పదును పెట్టించి, మట్టి కడ్డీ పైనుంచి జారి పడేందుకు పక్కన ఒక గాడి కోయించండి. పైన కాలితో తొక్కడానికి అడ్డపట్టీ, చేతికి టీ ఆకారం పిడి. మెకానికల్ వాళ్లకు ఇదో సాయంత్రం పని.

లెక్క ఇదీ. రెండు సెంటీమీటర్ల వ్యాసం, ఎనిమిది సెంటీమీటర్ల లోతు, పది సెంటీమీటర్లకొకటి. చదరపు మీటరుకు వంద రంధ్రాలు. మొత్తం వైశాల్యంలో ఇవి 3 శాతమే. అంత తక్కువతో ఏం ఒరుగుతుంది అనే సందేహం సహజం. నీళ్లకు మైదానమంతా తెరవక్కర్లేదు, పెచ్చు దాటి లోపలికి దిగే దారులుంటే చాలు. అక్కడి నుంచి పక్కలకు పాకుతాయి. గాలీ అంతే, వేర్లూ అంతే. పదడుగుల చదరానికి సుమారు 930 రంధ్రాలు. రెండు గొట్టాల పరికరంతో 465 సార్లు తొక్కాలి. జిమ్ ఫీజు మిగులుతుంది.

ఎప్పుడు చేయాలి? గరిక ఎండాకాలపు వేడిని తట్టుకుని, వానల్లో దూకుడుగా పెరిగే జాతి. గాయం మానాలంటే అది పెరిగే కాలంలోనే కోయాలి. కాబట్టి జూన్, జూలైలో మంచి వాన ఒకటి పడి, పదును కుదిరిన రోజు. వాన రాకపోతే ముందురోజు సాయంత్రం బాగా తడిపి మర్నాడు. మే ఎండలో వద్దు, గొట్టం దిగదు, గడ్డికీ ఓపిక ఉండదు. బురదలో అసలే వద్దు, గొట్టం గోడలు మెరుస్తూ నునుపుగా తయారై నీళ్లను అడ్డుకుంటాయి. పని చేసేటప్పుడు ఒక పలక వేసుకుని దాని మీద నిలబడండి. పైన చెప్పిన ముహూర్తం గుర్తుంది కదా, తెరుస్తున్న రోజే తొక్కేస్తే ఎలా.

ఇక అందరూ వదిలేసే మెట్టు. రంధ్రాలు ఖాళీగా వదిలితే మన నేలలో రెండు మూడు గట్టి వానలకే గోడలు కరిగి పూడిపోతాయి. జిగురు లేని మట్టి అని చెప్పుకున్నాం కదా. అందుకే బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ జల్లెడ పట్టి చల్లి, చీపురుతో రంధ్రాల్లోకి ఊడ్చాలి. 930 రంధ్రాలకు పట్టేది 23 లీటర్లే, ఒక బకెట్టు పైన కొంచెం. యూట్యూబులో ఇసుక నింపమంటారు. అది గోల్ఫ్ మైదానాల లెక్క. మన ఎర్రనేల పైపొరలో ఇసుక ఇప్పటికే కావాల్సినంత ఉంది, కరువైనది సేంద్రియం. చెరువు మన్ను మంచిదే, పొలాలకు తోలే అలవాటు ఊరికే రాలేదు. కానీ అది సన్నటి బంకమన్ను. రంధ్రాల్లో కూరితే బిరడా అవుతుంది. ఎరువులో కొద్దిగా కలిపి పైన పలుచగా చల్లడానికి వాడండి. జిప్సం గురించి కూడా అడుగుతారు. శెనక్కాయకు ఊడలు దిగే సమయంలో వేసేది ప్రధానంగా కాల్షియం, గంధకం కోసం. నేలను గుల్ల చేయడంలో అది బాగా పనిచేసేది సోడియం ఎక్కువైన చోట. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉండి, నేల తెల్లగా పూస్తుంటే భూసార పరీక్ష చేయించి అప్పుడు ఆలోచించండి. బయటికి వచ్చిన మట్టి కడ్డీలను అక్కడే వదిలేయవచ్చు, వాటంతట అవే నలిగి కలిసిపోతాయి.

ఎరువు వేయడానికి ఇంకో కారణం ఉంది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో ఉత్తర ప్రాంతంలో నేల మనకంటే మొండి, పెచ్చు కట్టి రాయిలా ఉంటుంది. అక్కడ యాకూబా సవడోగో అనే రైతు 1980ల మొదట్లో ‘జాయ్’ అనే పాత పద్ధతికి మెరుగులు దిద్దాడు. ఎండాకాలంలోనే చిన్న చిన్న గుంతలు తవ్వి, వాటిలో ఎరువు వేసి ఉంచడం. ఎరువు కోసం చెదలు వస్తాయి. చెదలు తినడానికి వచ్చి కింద వందల సొరంగాలు తవ్వుతాయి. వాన పడినప్పుడు నీళ్లు ఆ సొరంగాల్లోకి దిగుతాయి. ఇంజనీరు జీతం చెద తీసుకోదు! ఆయన బంజరు మీద అడవినే పెంచాడు, 2018లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు అందుకున్నాడు, 2023లో కన్నుమూశాడు. ఇంటి గోడ పక్కన చెదలను పిలవమని నేను చెప్పడం లేదు, తలుపు చట్రాలు కూడా తింటాయి. మన దగ్గర ఆ పని వానపాములకు ఇవ్వొచ్చు. ఇంగ్లండులో చాలాచోట్ల అవి ఏటా ఎకరాకు పది టన్నులకు పైగా మట్టిని పైకి తెస్తాయని డార్విన్ 1881లో లెక్క రాశాడు. మన ఎర్రనేలలో అంత ఆశించకూడదు గానీ, తేమా ఎరువూ ఉన్న రంధ్రం వాటికి గది లాంటిది. మనం చేసిన రంధ్రం ఒక ఏడాది ఉంటుంది. వానపాము, వేరు చేసిన రంధ్రం గోడలకు జిగురు పూసుకుని ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇనుము చేయాల్సింది వాటికి దారి చూపడం వరకే.

ఇప్పుడు మొదట వదిలేసిన ప్రశ్న. కళ్యాణదుర్గంలో లాన్ ఉండాలా? రోజూ బోరు నీళ్లు తాగే విదేశీ గడ్డి తివాచీ అయితే వద్దనే నా ఓటు. కానీ దానికి బదులు ఇప్పుడు జరుగుతున్నది ఏమిటి? విసిగిపోయి తాడిపత్రి బండలు పరిచేస్తున్నారు. అప్పుడు 3 శాతం కాదు కదా, సున్నా శాతం. ఆ తొమ్మిది బిందెల్లో ఒక్కటీ నేలకు దక్కదు. దానికంటే మన గరిక, ఓ వేపచెట్టు, నడవడానికి విడివిడిగా నాలుగు బండలు మేలు. వేసవిలో గరిక ఎండినట్టు కనిపిస్తే కనిపించనివ్వండి. వేరు బతికి ఉంటే మొదటి వానకు మళ్లీ లేస్తుంది. వేరు లోతుకు పోవడానికే కదా ఇంత పొడిచింది. నీళ్లు పోసేటప్పుడు కూడా రోజూ చిలకరించకుండా వారానికోసారి ఆరంగుళాలు తడిసేలా పోస్తే వేరు నీళ్ల వెంట కిందికి దిగుతుంది. పైపైన తడిపితే పైపైనే ఉండిపోతుంది.

పొడిచాక మూడు నాలుగు వారాలు ఎవరినీ అటు నడవనీయకండి, ముఖ్యంగా వాన వెలిసిన రెండు రోజులు. అక్టోబరులో వానలు తగ్గాక అదే పీవీసీ ముక్క, అదే చోట, అదే 450 మిల్లీలీటర్లు. రెండో విడత టైము మునుపటి పక్కన రాసుకోండి. తేడా తక్కువగా వస్తే వచ్చే జూన్‌లో పాత రంధ్రాల మధ్య ఖాళీల్లో మళ్లీ పొడవాలి. ఏళ్ల తరబడి తొక్కిన నేల ఒక్క సీజన్‌లో మెత్తబడదు. నడిచే దారి దగ్గర మాత్రం ఎన్నిసార్లు పొడిచినా ఫలితం ఉండదు, అక్కడ ఆ నాలుగు బండలు వేసేయండి.